కట్ట కింద మంచం

నులక మంచానికి ఒక కోడు పొట్టిది. కల్లంలో తొడిమలు తీసే రహిమున్నీసా దాని కింద ఇటుక ముక్క ఎత్తు పెట్టింది గానీ రేగడి నేల ఇటుకని కూడా నిలకడగా ఉండనివ్వలేదు, అందుకని రెబ్కా కాస్త కదిలితే చాలు, మంచం ఒకసారి అటు ఊగి ఇటు ఆగుతోంది, ఊగినప్పుడల్లా ఆమె చూపు ఉలిక్కిపడి కట్ట మీదికి పోతోంది. కట్ట ఊగలేదు. ఉత్తరాన ఆకాశానికి అడ్డంగా, సగం తాటిచెట్టంత ఎత్తున, ఒంటి మీద అక్కడక్కడా అతికించిన గడ్డి పలకలతో, బడిలో చేర్చే రోజున నూనె రాసి దువ్విన పిల్లాడిలా బుద్ధిగా నిలబడి ఉంది. దాని అవతల కొత్త కాలువ. కాలువలో ఇంకా నీళ్ళు లేవు, కాసేపట్లో వస్తాయి. ఎగువన లాకుల దగ్గర తలుపులు ఎత్తారని కాలువ కాపలా లస్కర్లు కట్ట పొడుగునా ఒకరికొకరు పచ్చగుడ్డ ఊపుకుంటూ కబురు అందించుకున్నారు, ఆ పచ్చగుడ్డల వరస ఆమె కళ్ళ ముందే పడమర నుంచి తూర్పుకి పోయింది. కట్టకి ఇవతల, సరిగ్గా దాని పాదం దగ్గర, మీరా హుస్సేన్ మిరప కల్లం. ఎకరం మేర ఎరుపు, ముక్కు మీద గుడ్డ లేకుండా చూడటానికి వీల్లేని ఎరుపు. ఆ ఎరుపు మధ్యలో మంచం, మంచం మీద ఇంజనీరు గారి భార్య, బి.ఏ. ప్యాసై, పొద్దున్నే తలస్నానం చేసి, గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని, కట్ట తెగితే అందరికన్నా ముందు కొట్టుకుపోయే చోట, పెళ్ళిచూపులకి కూర్చున్నంత ఒద్దికగా.

ఇదంతా నవల వల్ల వచ్చింది. ఆమె భర్త జక్రయ్య ఈ కట్టని దగ్గరుండి పోయించిన ఇంజనీరు, పగలు మట్టి కొలుస్తాడు, సాయంత్రాలు నవల రాస్తాడు, పై అధికారుల కంట పడకుండా మారుపేరుతో. ఆ మారుపేరు ఎవరిదో పోస్టుమాన్ మొదలుకుని పాలామె దాకా తాలూకా అంతా ఎరుగుదురు. వారం వారం పత్రికలో వచ్చేదాన్ని ఈ ఊళ్ళో సిలార్ తన సైకిలు షాపులో కూర్చుని పైకి చదువుతాడు, పంక్చరు వేయించుకోవడానికి వచ్చినవాళ్ళూ, పంక్చరు లేకపోయినా దారిలో గాలి తీసేసుకుని వచ్చినవాళ్ళూ చుట్టూ చేరతారు. నవల్లో పల్లెకి పేరు లేదు. కానీ ఉప్పునీళ్ళ బావి ఉంది, మెరక మీద మసీదు ఉంది, వాకిట్లో ఒంటికొమ్ము గేదె ఉంది. అది మా గేదే అని మీరా హుస్సేన్ మురిసిపోయి, పత్రికలో పడ్డ గేదెకి అదనంగా ఒక తట్టెడు తవుడు పెట్టించాడు. పోయిన వారం దాకా అంతా బాగానే ఉంది. పోయిన వారం, నవల్లో, కొత్త కాలువకి మొదటి నీళ్ళు వదిలిన రోజునే కట్ట తెగి, ఒంటికొమ్ము గేదె గుంజతో సహా కొట్టుకుపోయింది. సిలార్ చదవడం ఆపేశాడట. మర్నాటికి ఊళ్ళో సగం మిరపకాయ మెరక మీదికి చేరింది, సగమే ఎందుకంటే బండ్లు చాలలేదు, మిగిలిన సగం ఇదిగో, తడిస్తే ఏడాది కష్టం బూజు. అది కథ, ఉత్త కథ అని రెబ్కా నీళ్ళబిందె దగ్గరా, కొట్టు దగ్గరా ఎంతమందికి చెప్పిందో. "కట్టినోడే రాశాడు గదమ్మా తెగిద్దని, ఆయనకి కాక ఇంకెవురికి తెలిసిద్ది?" అన్నారు. ఈ ప్రశ్నకి జవాబు బి.ఏ.లో చెప్పలేదు.

నీళ్ళు ఎంతవరకు వచ్చాయో. ఇక్కణ్ణించి కాలువ కనపడదు, కట్ట మీద నిలబడ్డవాళ్ళ తలకాయలే కనపడతాయి, వాళ్ళంతా పడమరకి తిరిగి ఉన్నారు. అందులో ఆయన ఎవరో పోల్చుకోలేకపోయింది. నిన్న సాయంత్రం ఈపాటికి, కాదు, ఇంకా పొద్దు వాలాక, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అందరి నోటా ఈ.ఈ. గారు, జీపు వేసుకుని క్వార్టర్సుకి వచ్చారు, చేతిలో చుట్టచుట్టిన పత్రిక. వరండాలో కూర్చుని దాన్ని విప్పితే పేజీపేజీకీ ఎర్ర పెన్సిలు గీతలు. "కట్ట పైవెడల్పు పన్నెండడుగులని రాశావేమిటయ్యా జక్రయ్యా? డ్రాయింగు చూసుకోలేదా?" అని అడిగారు. సాహిత్య విమర్శ అక్కడితో అయింది. అంతలో గేటు దగ్గర మీరా హుస్సేన్, వెనక పదిమంది. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు గానీ గొంతు తగ్గించలేదు. "సారూ, మాకు కాయితాలొద్దు, హామీలొద్దు. రేపు నీళ్ళొదిలే టయానికి ఇంజనీరు గారి ఇంటోళ్ళని మా కల్లంలో మంచమేసి కూచోబెట్టండి. ఆయమ్మ కూచుంటే మేం ఒక్క కాయ కదిలించం. లేదంటారా, లాకుల కాడ అడ్డంగా పడుకుంటాం." ఈ.ఈ. గారు పగలబడి నవ్వారు. "ఇంతేనా! జక్రయ్యా, మిసెస్‌ని ఒక గంట పంపించు, పిక్నిక్ లాగా ఉంటుంది." ఆ మాట పూర్తి కానేలేదు, జక్రయ్య అడ్డుపడ్డాడు.

"వద్దు సార్."

కాఫీ పళ్ళెంతో వస్తున్న రెబ్కా కర్టెను వెనకే ఆగిపోయింది. "ఏం, ఎందుకొద్దు?" అన్నారు ఈ.ఈ. గారు, నవ్వు కొంచెం తగ్గించి. "ఆవిడకి ఎండ పడదు సార్." తనకి ఎండ పడదన్న సంగతి ఇన్నేళ్ళ కాపురంలో రెబ్కాకి అప్పుడే తెలిసింది.

ఆ వద్దు ఎవరిది? రాత్రంతా అదే. ఇప్పుడూ అదే, మిరప ఘాటులా గొంతులో దిగబడి, మింగినా పోకుండా, దగ్గినా రాకుండా. మొగుడి వద్దు అయితే సరే, పెళ్ళాన్ని పదిమంది ముందు మంచమెక్కించి కూర్చోబెట్టడం ఏ మొగాడికి నచ్చుతుంది, దానికి ఆమె లోపల్లోపల కాస్త సంతోషించడానికి కూడా సిద్ధమే. ఇంజనీరు వద్దు అయితే? అడుగుదామంటే ఆయన అడిగితే చెప్పే మనిషి కాదు. చీరాల దగ్గర పల్లెలో ఉపదేశి గారి కొడుకు, తండ్రి ఆదివారం గుడిలో కథలు చెబుతుంటే వినీ వినీ కథ చెప్పడం నేర్చుకున్నాడు, సర్కారు కొలువులో చేరి నోరు మూసుకోవడం నేర్చుకున్నాడు, ఆ రెండూ కలిస్తే నవల తప్ప మరేం వస్తుంది. ఒంగోలు చర్చిలో పెళ్ళినాడు పాస్టరు గారు ప్రార్థన చేస్తున్నంతసేపూ పెళ్ళికొడుకు కళ్ళెత్తి పైకే చూస్తుంటే ఎంత భక్తో అనుకుని ఆమె కూడా కళ్ళు తుడుచుకుంది, పైకప్పు దూలం ఒకటి వంగి ఉందని, అది ఎప్పుడు పడుతుందా అని చూశానని నెల తర్వాత చెప్పాడు. చెప్పాడా? లేదు, కథలో రాశాడు. సాఫు ప్రతి రాస్తూ ఆమె చదివింది. మొదటి కథ అది, కథానాయిక ఐదడుగుల రెండంగుళాల ఎత్తు, ఆమె జడ తూకం గుండు వేసినట్టు నిట్రంగా వేలాడుతుంది. "ఈ పిల్లకి పునాది ఎంత లోతు తీశారండీ?" అని అడిగింది రెబ్కా. ఆ పూట అన్నం మెతుకులు లెక్కపెట్టుకుంటూ తిని లేచాడు. తర్వాత కూర్చుని మళ్ళీ రాశాడు, జడకి ప్రాణం వచ్చింది. అప్పట్నించీ ఆయన రాసిందంతా సాఫు చేసేది ఆమే, ప్రేమ సన్నివేశాల్లోంచి 'సదరు యువతి'నీ 'పై పేర్కొన్న కారణముల చేత'నీ ఏరిపారేసేది ఆమే, మిరపకాయల్లోంచి తాలుకాయలు ఏరినట్టు. ఒకసారి బదిలీ మీద పోతూ నల్లపాడు స్టేషన్లో బండి ఆలస్యమైతే, ట్రంకు పెట్టె మీద కాగితాలు పరుచుకుని ఒక అధ్యాయం రాసేశాడు, బండి వచ్చింది, పోయింది, ఆమె మూటల మీద కూర్చుని చూస్తూ ఊరుకుంది. ఎందుకు లేపలేదని తర్వాత అడిగాడు. ఏం చెబుతుంది? రాస్తున్నప్పుడు ఆయన మొహంలో ఒక బెదురు పోతుంది, అది పోయిన మొహం చూడటానికి ఒక బండి పోతే పోయిందనుకుంది.

"తుమ్మమ్మా, ఆపుకోమాక, ఆపుకుంటే తలకెక్కిద్ది." రహిమున్నీసా కల్లం అంచున గొంతుక్కూర్చుని, ముక్కు మీదుగా పైట చుట్టుకుని, కాయల తొడిమలు తీస్తోంది. ఊరందరి మీద మాట విసరగల మనిషి, మీరా హుస్సేన్‌ని కూడా పేరు పెట్టే పిలుస్తుంది కోపమొస్తే. రెబ్కా తుమ్మింది, మంచం ఊగింది, చూపు కట్ట మీదికి పోయి వచ్చింది. రహిమున్నీసా అది చూసింది.

"నిజం చెప్పు, తెగిద్దా?"

"తెగేట్టయితే నేనొచ్చి ఇక్కడెందుకు కూర్చుంటాను పిన్నీ?"

"ఏమో, మొగుడి మీద అలిగొచ్చి కూచున్నావేమోనని."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు, నవ్వు ఘాటుకి దగ్గయింది. సిలార్ సైకిలు కల్లం గట్టుకి ఆనించి తనూ అక్కడే నిలబడి ఉన్నాడు, షాపు కట్టేసి వచ్చాడు. "అది కాదమ్మగారూ, కట్ట సంగతి అల్లా చూసుకుంటాడు, ఆ సుగుణ పిల్ల కొట్టుకుపోయిందా, బతికిందా? ఆ ఒక్కటీ చెప్పండి." సుగుణ నవల్లో పిల్ల. "వచ్చేవారం చదువుకో" అంది రెబ్కా. "వచ్చేవారానికి మనం ఉండాల గదా" అన్నాడు సిలార్, నవ్వుతూనే.

సుగుణ బతుకుతుంది. ఆమెకి తెలుసు, చివరి అధ్యాయం సాఫు చేసింది పోయిన నెలలోనే. తెలియనిది వేరే ఉంది. నవల మధ్యలో ఒక చోట, చిన్న ఇంజనీరు పెద్ద ఇంజనీరు దగ్గరికి పోతాడు, కార్తీకం వానల్లో తడి మట్టి ఆరకుండానే పోసి రోలరు తిప్పించారు, ఆ ముక్క తవ్వి మళ్ళీ పోయాలంటాడు. పరీక్ష లెక్కలు సరిగ్గానే వచ్చాయి కదా, మరి నీకొచ్చిందేమిటి అంటాడు పెద్దాయన. అనుమానం సార్. "అనుమానాలైతే పత్రికలకి రాసుకో, ఆఫీసుకి లెక్కలు రాయి." చదివినప్పుడు ఆమె నవ్వింది, తర్వాత కలం పక్కన పెట్టి అడిగింది, "ఇది నిజంగా ఎవరైనా అన్నారా?" "నవల కదా" అన్నాడాయన, సిరా బుడ్డి మూత బిగిస్తూ, బిగిసిన మూతని ఇంకా బిగిస్తూ. ఆ కార్తీకంలో ఒకరోజు మోకాళ్ళ దాకా బురదతో వచ్చి, అన్నం వద్దని, గోడకేసి తిరిగి పడుకున్నాడు. ఏమైందంటే ఏం లేదన్నాడు. మర్నాడే కదా ఈ నవల మొదలుపెట్టింది. నిన్న ఈ.ఈ. గారు వెళ్ళాక ఆయన మర్చిపోయిన పత్రిక తీసి చూసింది రెబ్కా. వెనకటి సంచికలు కూడా అందులోనే మడతపెట్టి ఉన్నాయి. పేజీపేజీకీ ఎర్ర పెన్సిలు, గేదె ఎత్తు దగ్గర కూడా ఒక ప్రశ్నార్థకం. అనుమానాలు పత్రికలకి రాసుకొమ్మన్న పేజీ ఒక్కటే తెల్లగా ఉంది. చెయ్యి కూడా పెట్టనంత తెల్లగా.

అప్పుడు అనుకుంది కల్లానికి వెళ్ళాలని. అడిగితే నవల్లో జవాబు చెప్పే మనిషిని, నవల్లో చెప్పడానికి వీల్లేకుండా అడగాలంటే ఇంకో దారి ఆమెకి తోచలేదు. పొద్దున ఆయన టీ సగం తాగి, సైకిలెక్కి, గేటు దాటాక వెనక్కి తిరిగి "ఇంట్లోనే ఉండు" అన్నాడు. అట్లాగే అంది. ఇంటికి తాళం వేసి, కల్లానికి పోయే మీరా హుస్సేన్ బండి ఎక్కింది. బండి తోలుతూ ఆ ముసలాయన ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు, ఎడ్లతోనే అన్నాడు, "నేను ఊరికే అన్నానమ్మా నిన్న. కోపంలో. నువ్వు రానక్కర్లా." వచ్చేశాను కదండీ అంది. ఇప్పుడు అనిపిస్తోంది, ఇదేం తెలివి, ముప్పై రెండేళ్ళ ఆడది, గంజిచీర, అమ్మకి తెలిస్తే, ఈ కట్ట గనక, లేదు, కట్ట నిలుస్తుంది, కట్టలన్నీ నిలుస్తూనే ఉన్నాయి, దేశమంతా కట్టలు నిలిచే ఉన్నాయి, కానీ రేగడి మాట మీద నిలబడే మట్టి కాదని ఆయనే అంటాడు, ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రె విచ్చుతుంది, వానకి ఉబ్బుతుంది, దాని బుద్ధి తెలియాలంటే దాంతో కాపురం చెయ్యాలంటాడు, కట్ట పాదం దగ్గర ఆ గీత నెర్రేనా, నీడా? నీడే. మబ్బు లేదే, నీడెక్కడిది? గడ్డి పలక అంచు. అంచే అయి ఉంటుంది. ప్రభువా, అది అంచే అయ్యేట్టు చూడు.

ముందు వాసన వచ్చింది. ఇన్నాళ్ళూ ఎండిన మట్టి ఒక్కసారి తడిస్తే వచ్చే వాసన, మిరప ఘాటుని కూడా తోసుకుని. తర్వాత చప్పుడు, ప్రవాహం చప్పుడు కాదు, దప్పికగొన్న గొడ్డు తొట్టిలో మూతి పెట్టినప్పటి చప్పుడు, పొడుగ్గా, ఆగకుండా. కట్ట మీద తలకాయలన్నీ పడమర నుంచి మెల్లగా తిరగసాగాయి, నీళ్ళని వెంబడించి చూస్తూ, అంటే నీళ్ళు ఇప్పుడు ఆ తుమ్మచెట్టు దగ్గర, ఇప్పుడు ఆ రాళ్ళకుప్ప దగ్గర, ఇప్పుడు ఆమెకి ఎదురుగా, ఆ మట్టికి అవతల, ఆమె తలకన్నా ఎత్తున. కల్లంలో చేతులన్నీ ఆగిపోయాయి. రహిమున్నీసా పెదాలు కదులుతున్నాయి. అప్పుడు కనపడ్డాడు. నీళ్ళకన్నా ఒక అడుగు వెనకగా, చేతులు వెనక్కి కట్టుకుని, తల వంచుకుని కట్ట భుజాన్నే చూసుకుంటూ నడుస్తున్నాడు, పక్కన టోపీ పెట్టుకుని ఈ.ఈ. గారు, వాళ్ళ వెనక గుంపు. చూడండి. ఇటు చూడండి. వద్దు, చూడొద్దు, మీ పని మీరు చూసుకోండి. ఎర్రటి కల్లంలో తెల్లచీర కనపడకుండా ఎట్లా ఉంటుంది, దానికోసమే కదా తెల్లది కట్టుకుంది, ఇంత జాణతనం ఎప్పుడు నేర్చిందో. ఆయన ఆగాడు.

ఆగి ఇటు చూశాడు. ఆమె చెయ్యి ఊపలేదు, పైట సర్దుకుంది. అంత దూరం నుంచి మొహం కనపడదు, కానీ ఆయన నిలబడ్డ తీరులో ఆ కార్తీక మాసం బురద, గోడకేసి తిరిగిన వీపు, బిగించిన సిరా బుడ్డి మూత అన్నీ కనపడ్డాయి. ఆమెని చూశాడు. కాళ్ళ కింద కట్టని చూశాడు. మళ్ళీ ఆమెని. ఈ.ఈ. గారు ముందుకి నడిచి, పక్కన మనిషి లేడని తెలిసి వెనక్కి తిరిగారు. జక్రయ్య అప్పటికే లస్కరు దగ్గరికి పోయాడు. లస్కరు దగ్గర రెండు గుడ్డలుంటాయి, పచ్చది చేతిలో ఉంది, ఎర్రది భుజం మీద ఉంది. ఆయన ఎర్రది లాక్కున్నాడు. దాన్ని రెండు చేతులతో తల మీదికెత్తి ఊపాడు, ఆఫీసులో ఎప్పుడూ గట్టిగా తలుపు కూడా వెయ్యని మనిషి, పూనకం వచ్చినట్టు ఊపాడు. తుమ్మచెట్టు దగ్గర లస్కరు అది చూసి ఎర్రగుడ్డ ఎత్తాడు, అతన్ని చూసి ఇంకొకడు, ఎరుపు పడమరకి పరిగెత్తింది, లాకుల వైపుకి. ఈ.ఈ. గారి చేతులు గాలిలో లేచాయి, దిగాయి, టోపీ తీశారు, పెట్టుకున్నారు, మాట వినపడటం లేదు, తోలుబొమ్మలాట్లో హార్మోనియం ఆగిపోయినట్టుంది. జక్రయ్య మాత్రం కదలకుండా నిలబడి ఒకటే మాట అంటున్నట్టు ఉంది, మళ్ళీ మళ్ళీ.

ఆ మాట ఏమిటో సిలార్ తెచ్చాడు, ఎప్పుడు కట్ట ఎక్కాడో, జారుకుంటూ దిగి, చెప్పులు ఒకటి అక్కడా ఒకటి ఇక్కడా. "ఆపేయించాడు! ఇంజనీరు గారు నీళ్ళు ఆపేయించాడు! ఈ ముక్క తవ్వి మళ్ళీ పోసిందాకా చుక్క కూడా ఎక్కువ రానివ్వనన్నాడు. అనుమానమా అన్నాడు పెద్దాయన. అనుమానం కాదు సార్, నాకు తెలుసు, ఆ వానలో పోయించింది నేనే అన్నాడు. ఉద్యోగం ఊడిద్దిరా అన్నాడు. ఊడనీండి అన్నాడమ్మగారూ, మొకం మీదే!" కల్లం ఒక్కసారిగా ఊపిరి వదిలింది. ఎవరో ఏడ్చారు, ఎవరో దువా చేశారు, బండ్లు కట్టండ్రోయ్ అని మీరా హుస్సేన్ కేక. రెబ్కా మంచం మీంచి కాళ్ళు దించి చెప్పులు వెతుక్కుంది. నిలిచే కట్టో తెగే కట్టో ఇక ఎవరికీ తెలియదు, తెలియనక్కర్లేదు. ఇక సాయంత్రాలే కాదు, పొద్దుటి నుంచీ రాస్తాడు, క్వార్టర్సు ఖాళీ చెయ్యాలి, గుంటూర్లో రెండు గదులు చూసుకోవాలి, ఇంజనీరు గారి భార్య కాస్తా రచయిత గారి భార్య అయిపోతుంది, ఆ బరువు తర్వాత చూసుకోవచ్చు, ఇప్పుడు మాత్రం లోపల సిగ్గులేని తీపి ఒకటి, పెళ్ళయిన కొత్తలోలాగా, నా కోసం, నన్ను చూసి, పదిమందిలో, ఇంత మౌనం మనిషి నన్ను చూసి.

రహిమున్నీసా చేతిలో కాయ తొడిమ ఊడకుండా అట్లాగే ఉంది. అందరూ లేచినా ఆమె లేవలేదు. ముక్కు మీది పైట కిందికి లాగి, మెల్లగా, ఈసారి వెటకారం లేకుండా అడిగింది.

"అయితే అమ్మాయ్, నువ్వు రాకపోయుంటే ఆపేవోడా?"

చుట్టుపక్కల వాళ్ళు ఆగారు. సిలార్ రెండో చెప్పు చేత్తో పట్టుకుని ఆగాడు. తీపి ఎక్కడికి పోయిందో పోయింది. కట్ట వాలులో గడ్డి పలకలు పట్టుకుంటూ జక్రయ్య దిగి వస్తున్నాడు, చొక్కా తడిసింది, జుట్టు మొహాన పడింది, ఆ మొహంలో ఎప్పుడూ ఉండే బెదురు లేదు, పరీక్ష రాసి బయటికొచ్చినవాడిలా తేలిగ్గా, నవ్వుతూ, తిన్నగా ఆమె వైపే. ఆ నవ్వు కోసం ఆమె ఒకప్పుడు రైలుబండి వదులుకుంది.

"నన్నడిగితే ఏం లాభం పిన్నీ?" అంది రెబ్కా, మంచం మీంచి లేచి నిలబడుతూ. "ఆయనే వస్తున్నారు. ఇక్కడ కూర్చోబెట్టి అడగండి."